మాంత్రికుడు, తోడేలు, టోనహీ

మంత్రాలకు చింతకాయలు రాలవని ఊరూరా చెప్పుకుంటూ తిరిగేవాళ్లం మనం. అలాంటి మనమే మంత్రాల కథలు తెచ్చి పిల్లల చేతుల్లో పెట్టవచ్చా? పోయిన వేసవిలో మా సంఘం వాళ్లం పిల్లల కోసం ఓ పుస్తకాల బీరువా పెడదామనుకున్నప్పుడు లేచిన ప్రశ్న ఇది. లేవనెత్తినవారు మాలో అందరికంటే పెద్దవారు, జీవితమంతా బడిపిల్లలకు సైన్సు చెప్పిన మాస్టారు. పల్లెల్లో భూతవైద్యుల ఎదుటే నిమ్మకాయ కోసి, అందులోంచి 'నెత్తురు' ఎలా వస్తుందో చేసి చూపించిన మనిషి. ఆయన మాటను తేలిగ్గా కొట్టిపారేసే హక్కు మాలో ఎవరికీ లేదు.

ఆయన అభ్యంతరం రెండింటి మీద. ఒకటి, పాత చందమామ సీరియళ్ల పుస్తకాలు. రెండోది, మా అన్నయ్య కూతురు జాబితాలో రాసిచ్చిన ఒక జపాన్ నవల. "ఒకదాంట్లో మాంత్రికులు, ఇంకోదాంట్లో తోడేలు దేవత. వీటిని బీరువాలో పెట్టుకుని ఇక మనం ఏ మొహంతో టోనహీల గురించి మాట్లాడతామండీ?" అన్నారు.

టోనహీ అంటే మనవైపు పాఠకులకు తెలియకపోవచ్చు. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో చేతబడి చేస్తుందని ముద్ర పడిన ఆడమనిషిని అలా అంటారు. ఆ ముద్ర పడిన ఆడవాళ్లను ఊళ్లోంచి వెళ్లగొట్టారు, బట్టలూడదీసి తిప్పారు, చంపారు. కాబట్టి మాస్టారు అడిగింది సాహిత్య చర్చ కోసం అడిగిన ప్రశ్న కాదు. నాకా ప్రశ్న నచ్చింది. జవాబు మాత్రం ఆయన అనుకుంటున్నది కాదని నా అభిప్రాయం. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను.

మేముండేది బిలాస్‌పూర్‌లో తెలిపారా. తేలీలంటే నూనె గానుగల వాళ్లు, పారా అంటే పేట. అంతే దాని అర్థం. తెలుగువాడి చెవికి మాత్రం ఎవరో నిలదీసి "తెలిపారా?" అని అడుగుతున్నట్టు ఉంటుంది. (హేతువాదులు కాపురం పెట్టడానికి ఇంతకంటే తగిన పేట ఇంకెక్కడ దొరుకుతుంది!) బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఇక్కడికి రైలు ఉద్యోగాలకు వచ్చినవాళ్లలో మా తాతగారొకరు. 2003లో బిలాస్‌పూర్ ఒక రైల్వే జోనుకే ముఖ్యపట్టణమైంది గానీ, నా చిన్నతనంలో ఇది మధ్యప్రదేశ్‌లో ఒక జంక్షన్. తెలుగు మాట ఇంట్లో ఉండేది, తెలుగు అక్షరం మాత్రం పోస్టులో రావాలి. మా ఇంటికి అది చందమామ రూపంలో నెలకోసారి వచ్చేది.

హిందీ చందమామ స్టేషన్ పుస్తకాల షాపులోనే దొరికేది. పక్క క్వార్టరు పిల్లవాడు అది కొనుక్కునేవాడు. డెబ్భైలలో 'యక్షపర్వతం', ఆ తర్వాత 'మాయాసరోవరం' మా ఇద్దరికీ పిచ్చి. రెండు సంచికలూ పక్కపక్కన పరిస్తే బొమ్మలు ఒకటే, అక్షరాలే వేరు. అదే గడ్డం, అదే దండం, అదే రాక్షసుడు. వాడి మాంత్రికుడు హిందీలో బెదిరించేవాడు, నా మాంత్రికుడు తెలుగులో. ఒక్కోసారి వాడి దాంట్లో ఉన్న మాట నా దాంట్లో ఉండేది కాదు. అప్పుడు పెద్ద తగాదా: అసలు మాంత్రికుడు నిజంగా ఏమన్నాడు? తగువు తీర్చమని మా నాన్నగారి దగ్గరికి వెళితే ఆయన రెండూ చూసి, "ఏమీ అనలేదురా, మద్రాసులో కూర్చుని ఎవరో రాశారు" అన్నారు. తొమ్మిదేళ్ల పిల్లవాడికి అంతకంటే మంచి హేతువాద పాఠం నేనైతే చెప్పలేను. అయినా ఆ తర్వాత నెల సంచిక కోసం పోస్ట్‌మాన్‌కు ఎదురు వెళ్లడం మానలేదు. ఎవరో రాశారని తెలిసినంత మాత్రాన కథలో రుచి తగ్గలేదు.

ఆ మద్రాసులో కూర్చుని రాసిన మనిషి దాసరి సుబ్రహ్మణ్యం. 1932లో పుట్టి 2010లో పోయారు. యాభై ఏళ్లకు పైగా చందమామలో పనిచేశారు. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు', 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం', 'రాతిరథం' అంటూ డెబ్భైల చివరిదాకా ఒకదాని వెంట ఒకటి రాశారు. దేని మీదా ఆయన పేరు ఉండేది కాదు. బొమ్మలేసిన చిత్రా సంతకం కనిపించేది, రాసినవాడి పేరు మాత్రం లేదు. రెండు తరాల పిల్లలు ఆయన్ని చదువుతూ పెరిగి, ఆయనెవరో తెలియకుండానే పెద్దవాళ్లయ్యారు. ఆయన పోయాకే ఆ పేరు నలుగురి నోళ్లలోనూ నలిగింది.

ఇక అసలు సంపాదకుడు ఎవరనుకున్నారు? కొడవటిగంటి కుటుంబరావు. 1952 నుంచి 1980లో పోయేదాకా చందమామను నడిపింది ఆయనే, పుస్తకం మీద పేరు వేరే వాళ్లదైనా. మార్క్సిస్టు, దేనినైనా కారణం అడిగి గానీ ఒప్పుకోని మనిషి. ఆయన కొడుకు రోహిణీప్రసాద్ అణుశాస్త్రవేత్త. 2012లో పోయేలోపు తెలుగులో విశ్వం గురించీ, మానవ పరిణామం గురించీ సులభమైన పుస్తకాలు రాసిపెట్టాడు. మాంత్రికుల కథలు అచ్చయిన ఇంట్లోంచి వచ్చినవాడే మరి! దాసరి సుబ్రహ్మణ్యం కూడా వామపక్ష భావాలున్న మనిషి, దేవుళ్ల జోలికి పోనివాడు. భూతాలను నమ్మని ఇద్దరు కలిసి తెలుగు పిల్లలకు ఏళ్ల తరబడి భూతాల కథలు చెప్పారు. ఇది వాళ్ల బతుకుతెరువు, అంతకంటే ఏమీ లేదు అని మాస్టారు అన్నారు. సగం నిజమే. కానీ ఎలా చెప్పారో చూడాలి కదా.

ఈ మధ్య 'తోకచుక్క' మళ్లీ చదివాను. ఆకాశంలో తోకచుక్క కనబడి కుండలినీ ద్వీపం బెంబేలెత్తడంతో మొదలయ్యే కథ. తర్వాతంతా సమరసేనుడి నౌకాయాత్ర, ద్వీపాలు, ఏకాక్షి, చతుర్నేత్రుడు అనే ఇద్దరు మాంత్రికుల పోరు. ఆ ఇద్దరి గొడవా మోక్షం కోసమో, లోకకల్యాణం కోసమో కాదు, ధనం కోసం. ఈ సీరియళ్లన్నిటిలోనూ మాంత్రికుడి లక్షణం ఇదే. అతను దురాశాపరుడు, అబద్ధాలకోరు. శిష్యులను బానిసలుగా చూస్తాడు. అతని శక్తికి హద్దులుంటాయి, ఆ హద్దులు కనిపెట్టినవాడు గెలుస్తాడు. నాయకులు దేవుడికి మొక్కుకుని కూర్చోరు. కత్తి, తెలివి, స్నేహితుడు, ఈ మూడింటితో బయటపడతారు. ముందు గుమ్మంలో గుండెలదరగొట్టిన ఆకారం తర్వాత నెలలో ఎవడో తోలు కప్పుకున్నవాడని తేలడం కూడా ఉంటుంది. గుహలో బాబా ముందు ఏం చెయ్యాలో ఈ కథలు చదివిన పిల్లవాడికి తెలుస్తుంది: ముందు ఆయనకు ఏం కావాలో కనుక్కోవాలి.

బేతాళ కథల సంగతీ అంతే. పాత సంస్కృత కథలు పాతికే. అవి అయిపోయాక చందమామ వాళ్లు అదే చట్రంలో వందల కథలు అల్లారు. ప్రతిదాని చివరా శవంలోని బేతాళుడు ఓ చిక్కు ప్రశ్న వేస్తాడు, విక్రమార్కుడు కారణాలు చూపించి జవాబు చెబుతాడు. మనం వేదికల మీద ఎంత అరిచినా పిల్లలకు తర్కం మీద అంత ఇష్టం పుట్టించలేకపోయాం. ఒక శవం నెలనెలా ఆ పని చేసింది.

సరే, మాస్టారి ప్రశ్నకు వద్దాం. టోనహీ నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది?

శ్రావణ అమావాస్యకు ఇక్కడ హరేలీ పండగ. రైతులు నాగళ్లూ, పనిముట్లూ కడిగి పూజిస్తారు, పిల్లలు వెదురు మరుగుజ్జు కాళ్లెక్కి నడుస్తారు. మంచి పండగే. అదే రోజు గుమ్మాలకు వేపకొమ్మలు కడతారు, చౌకట్టుకు ఇనపమేకు దిగ్గొడతారు. ఆ రాత్రి టోనహీలు తిరుగుతారని. నా చిన్నప్పుడు హరేలీ రాత్రి మమ్మల్ని బయటికి పోనిచ్చేవాళ్లు కాదు. ఇదంతా ఏ నవలలోనూ లేదు, ఎవరూ రాయలేదు. అది ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి వచ్చింది, అదీ కథగా కాదు, వార్తగా. "ఫలానా ఊళ్లో ఫలానా ముసలావిడ చూపు తగిలి పసిబిడ్డ పోయాడుట" అని.

ఈ 'ట' గమనించారా? మన భాష చేసిన గొప్ప ఏర్పాటు ఇది. నేను చూడలేదు, ఎవరో చెప్పగా విన్నాను, పూచీ నాది కాదు అని ఒక్క అక్షరంతో చెప్పేస్తాం. కానీ పుకారుకు ఒక గుణం ఉంది. రెండో నోట 'పోయాడుట', మూడో నోట 'పోయాడు'. నాలుగో నోట 'ఆవిడ చంపింది'. ఆ 'ట' రాలిపోయిన చోటే మనుషులు కర్రలు పట్టుకుంటారు. చందమామ సీరియల్లో 'ట' అసలు ఉండదు. "మాంత్రికుడు దండం ఎత్తాడు" అని సూటిగా రాస్తారు. ఎందుకంటే అక్కడ పూచీ అడిగేవాళ్లు లేరు, అది కథ అని రాసినవాడికీ తెలుసు, చదివే పిల్లకీ తెలుసు. సూటిగా చెప్పిన అబద్ధాన్ని పిల్లలు ఆటగా తీసుకుంటారు. నసుగుతూ చెప్పిన అబద్ధాన్నే పెద్దవాళ్లు నిజమనుకుంటారు.

2005లో ఛత్తీస్‌గఢ్ టోనహీ వేధింపుల నివారణ చట్టం చేసింది. ఎవరినైనా టోనహీ అని వేలు చూపిస్తే మూడేళ్ల దాకా, ఆ పేరు పెట్టి హింసిస్తే ఐదేళ్ల దాకా జైలు. మంత్రం వేసి బాగుచేస్తామనేవాళ్లకు కూడా శిక్ష ఉంది. 2013లో దాభోల్కర్‌ను కాల్చి చంపాక మహారాష్ట్ర తెచ్చిన చట్టం కూడా ఇలాంటి పనులనే పట్టుకుంది. వేలు చూపించడం, హింసించడం, వైద్యం పేరిట డబ్బు గుంజడం. మాంత్రికుడి కథ రాయడం ఈ జాబితాలో లేదు. అది సరైన లెక్కేనని నా ఉద్దేశం.

అలాగని రాసిన మాట దేనికీ బాధ్యత లేదని నేననను. దీనికి మన తెలుగులోనే పెద్ద ఉదాహరణ ఉంది. ఎనభైల మొదట్లో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసీదళం' ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. బిలాస్‌పూర్‌లో కూడా ఒక్కో ప్రతి పది ఇళ్లు తిరిగేది. దాని కొనసాగింపు 'తులసి' 1986లో 'కాష్మోరా' సినిమా అయింది. కన్నడంలో కూడా 'తులసీదళ' సినిమాగా వచ్చింది. అంతటి పట్టు ఉన్న రచన అంతకు ముందు వారపత్రికల్లో నేను చదవలేదు, ఆ మాట ఒప్పుకుని తీరాలి. కానీ అది కుండలినీ ద్వీపంలో జరగదు. మన ఊళ్లో, మన ఆస్పత్రిలో, మనలాంటి ఉద్యోగస్తుల ఇంట్లో జరుగుతుంది. ఒకవైపు డాక్టరు, హిప్నాటిస్టు, ఇంకోవైపు క్షుద్రోపాసకుడు. ఇద్దరి వాదనలూ త్రాసులో సమంగా తూగుతాయి. కారణం ఇదైనా కావచ్చు, అదైనా కావచ్చు అని పాఠకుడిని మధ్యలో వదిలేస్తుంది. హేతువాదులు అప్పుడు దానిమీద విరుచుకుపడ్డారు. బాణామతి చేశాడన్న అనుమానంతో మనుషుల పళ్లు ఊడగొడుతున్న రోజుల్లో ఆ త్రాసు అలా సమంగా పట్టుకోవడం చిన్న విషయం కాదు.

నవలలో చేతబడి ఉండటంతో నాకు పేచీ లేదు. నా అభ్యంతరం ఆ 'ట'తోనే. 'తులసీదళం' మొత్తం ఒక పెద్ద 'ట'. కథకు ఉండే స్వేచ్ఛా కావాలి, వార్తకు ఉండే నమ్మకమూ కావాలి అంటుంది. 'రాకాసిలోయ' రెండోది అడగలేదు.

ఇప్పుడు జపాన్ తోడేలు. ఇది నాకు మా అన్నయ్య కూతురు పరిచయం చేసింది. దానికి పద్నాలుగేళ్లు, పొద్దస్తమానం ఫోనులో జపాన్ యానిమే. 2025 సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్' సినిమా తెలుగు డబ్బింగుతో కూడా థియేటర్లలో విడుదలైంది కాబట్టి ఇది మా ఇంటి ఒక్కదాని గోల కాదని మీకు తెలిసే ఉంటుంది. "బాబాయ్, నువ్వు దేవుణ్ణి నమ్మవు కదా, ఇది నీకు నచ్చుతుంది" అని ఓ నవల ఇచ్చింది. పేరు 'స్పైస్ అండ్ వుల్ఫ్'. అంటే మసాలాలూ, తోడేలూ.

జపాన్‌లో వీటిని లైట్ నవలలంటారు. జేబులో పట్టే చిన్న పుస్తకం, మధ్యమధ్య బొమ్మలు, ఒక భాగం తర్వాత ఒక భాగం. నచ్చితే అదే కథ బొమ్మల కథ అవుతుంది, ఆ తర్వాత యానిమే. నాకైతే చందమామ సీరియలే గుర్తొచ్చింది. బొమ్మ వేసినవాడికి కథలో సగం వాటా ఉండటం కూడా అలాగే. దాసరి, చిత్రా జంటలాగే ఇక్కడ హసెకురా ఇసునా రాస్తే అయకురా జూ బొమ్మలేశాడు. మొదటి భాగం 2006లో వచ్చింది, 2011కు పదిహేడు భాగాలతో కథ ఒక కొలిక్కి వచ్చింది, మళ్లీ 2016లో కొనసాగింది. యానిమే 2008లో, 2009లో వచ్చింది. 2024లో మొదటి నుంచి మళ్లీ తీశారు.

కథ ఇది. హోలో అనే తోడేలు దేవత ఒక పల్లెలో గోధుమ పంటను కాపాడతానని ఎప్పుడో ఒక రైతుకు మాట ఇచ్చింది. వందల ఏళ్లు కాపాడింది. ఊళ్లో ఏటా కోతల పండగ చేస్తారు, కానీ ఆమె ఉందని ఎవరూ నమ్మరు. పంట తగ్గితే దేవత అలిగిందంటారు, నిజానికి ఆమె నేలకు విశ్రాంతి ఇచ్చింది. ఇంతలో కొత్త సేద్యపు పద్ధతులు వచ్చాయి, పంట పెరిగింది, దేవతతో పని తీరిపోయింది. అప్పుడామె అమ్మాయి రూపంలో లారెన్స్ అనే సంచార వ్యాపారి బండెక్కి ఊరు దాటేస్తుంది. అంతే! ఇక అక్కణ్నుంచి యుద్ధాల్లేవు, మంత్రాల్లేవు. డబ్బు లెక్కలు. మధ్యయుగపు వర్తకం మీద ఫ్రెంచి చరిత్రకారుడు జాఁ ఫావియే రాసిన పుస్తకం చదివి ఆ ప్రేరణతో రాశాడట హసెకురా. (ఈ 'ట'కు పూచీ నాదే.)

మొదటి భాగంలో గొడవంతా ఒక వెండి నాణెం మీద. కొత్తగా వచ్చే నాణేల్లో వెండి పాలు పెరుగుతుందని ఒకడు రహస్యంగా చెబుతాడు. వాడెందుకు చెబుతున్నాడు, వాడికేం లాభం అని లారెన్స్ ఆలోచిస్తాడు. దేవత చేసేదల్లా నాణేలు మోగించి చెవితో తేడా పట్టడం. మా అమ్మమ్మ రూపాయిని రాతి మీద మోగించి చూసేది, అలాగే. నిజానికి వెండి తగ్గుతోందని తేలుతుంది. ఒక దేవత పాత్రగా ఉన్న పుస్తకంలో పుకారును ఎలా పరీక్షించాలో ఇంత ఓపిగ్గా చెప్పడం మన పాఠ్యపుస్తకాల్లో కూడా చూడలేదు.

నన్ను ఆపేసిన చోటు మాత్రం ఇది కాదు. లారెన్స్‌కు పోటీగా ఉన్న వర్తక సంఘం హోలోను పట్టుకుంటుంది. ఒప్పందం మా వైపు తిప్పకపోతే ఈ పిల్లకు దయ్యం పట్టిందని చర్చికి అప్పగిస్తామని బెదిరిస్తుంది. ఈ కుట్రలో చేతులు కలిపింది ఎవరనుకున్నారు? ఆమె వందల ఏళ్లు పంట కాపాడిన ఊరివాడే, యారే అనే రైతు. వాడికి ఆమె మీద పగ లేదు, భయం కూడా పెద్దగా లేదు. గోధుమల బేరంలో లాభం ఉంది. పాత నమ్మకాన్ని వదిలించుకుని ఊరు ముందుకు పోవాలన్నది వాడి వాదన. వినడానికి మన మాటలాగే ఉంటుంది సుమా.

టోనహీ కేసులు చదివినవాళ్లకు ఇది కొత్త కాదు. ముద్ర పడేది ఎవరి మీద? మొగుడు పోయి, రెండెకరాల పొలం మిగిలిన ఆడమనిషి మీద. మందు పసరు తెలిసిన మంత్రసాని మీద. నిన్నటిదాకా ప్రసవాలకు పిలిచిన చేతినే ఇవాళ చేతబడి చెయ్యి అంటారు. నమ్మకం ఊరందరిదీ కావచ్చు, వేలు చూపించేవాడికి మాత్రం చాలాసార్లు ఒక లెక్క ఉంటుంది. పద్నాలుగేళ్ల పిల్ల దీన్ని తోడేలు కథలో చూసి, "బాబాయ్, వాడికి దయ్యం ఉందని నమ్మకం లేదు కదా, మరి ఎందుకలా అంటాడు?" అని అడిగింది. మనం ఉపన్యాసాల్లో చెప్పాలనుకునేది ఆ ప్రశ్నలో మొత్తం ఉంది.

2008 యానిమేలో ఇక్కడ ఒక మార్పు చేశారు. యారే స్థానంలో క్లోయీ అనే అమ్మాయిని పెట్టారు, లారెన్స్ దగ్గర వ్యాపారం నేర్చుకున్న పిల్ల. దాంతో ద్రోహానికి కొంచెం మనసు బాధ, కొంచెం ఈర్ష్య తోడయ్యాయి. తెర మీద బాగానే పండింది, మా అమ్మాయికి అదే ఇష్టం. నాకు నవలే నచ్చింది. ఈర్ష్యతో అప్పగించడం వేరు, లెక్క చూసుకుని అప్పగించడం వేరు. మొదటిది చూస్తే జాలేస్తుంది, రెండోది చూస్తే మన జిల్లా గుర్తొస్తుంది. సినిమాలుగా, సీరియళ్లుగా మార్చేటప్పుడు ముందు రాలిపోయేది ఎప్పుడూ ఆ లెక్కే.

మూడో భాగంలో ఇంకో తమాషా ఉంది. ఒక పట్టణంలో పైరైట్ అనే రాయి ధర ఉన్నట్టుండి ఆకాశానికి ఎగురుతుంది. బంగారంలా మెరిసే ఉత్త ఇనప ఖనిజం అది. జోస్యానికి పనికొస్తుందని, అదృష్టం తెస్తుందని జనం ఎగబడతారు. ఇవాళ కొన్నవాడు రేపు ఎక్కువకు అమ్ముతాడు, ఎల్లుండి కొన్నవాడు మునుగుతాడు. యానిమే రెండో వరుసలో ఈ కథ చాలా బిగువుగా తీశారు. మా అన్నయ్య చూపుడువేలికి పుష్యరాగం ఉంగరం ఉంది. ధర చెప్పడు గానీ, అది కొన్నప్పుడు వదిన రెండు రోజులు మాట్లాడలేదు. నేను పాతికేళ్లుగా దానిమీద వాదిస్తున్నాను. ఆ వాదన ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఇద్దరికీ కంఠతా వచ్చు. కూతురు పక్కన కూర్చుని ఈ భాగం అంతా చూశాడు. చివర్లో పైరైట్ ధర కూలిపోయినప్పుడు, "మొదట్లోనే అమ్మేసుకున్నవాడు బాగుపడ్డాడే" అన్నాడు. ఉంగరం తీయలేదు. కానీ రాయి మహిమ గురించి కాకుండా రాయి ధర గురించి మాట్లాడటం మా ఇంట్లో అదే మొదటిసారి.

ఇవన్నీ నేను మాస్టారికి చెప్పాను. ఆయన విన్నారు. "మీరు ఏరి చూపిస్తున్నారు, అన్నీ ఇలా ఉండవు" అన్నారు. నిజం, ఉండవు. అడ్డమైన చెత్తా జపాన్ నుంచీ వస్తుంది, మనదగ్గరా తయారవుతుంది. చచ్చి ఇంకో లోకంలో పుట్టి, కష్టపడకుండా మహాశక్తులు సంపాదించే కుర్రాళ్ల కథలు మా అమ్మాయి ఫోనులో కొల్లలు. వాటిలో మూఢనమ్మకం ఏమీ లేదు, బుర్ర కూడా లేదు.

అంతగా అభ్యంతరం పెట్టాలనుకుంటే చందమామ సీరియళ్లలో పెట్టవలసిన చోటు వేరే ఉంది. మళ్లీ చదువుతుంటే రెండు సంగతులు గుచ్చుకున్నాయి. ఒకటి, ఆడవాళ్లు దాదాపు లేరు. ఎత్తుకుపోబడే రాకుమారి తప్ప ఆడమనిషి చేసే పని తక్కువ. మాంత్రికులంతా గడ్డాల మగవాళ్లు. టోనహీ అని ముద్ర పడేది మాత్రం ఎప్పుడూ ముసలి ఆడమనిషి మీదే. అంటే ఆ కథలను మానిపించినంత మాత్రాన ఈ ముద్ర చెరగదు, ఆ కథలు చదివినంత మాత్రాన ఇది అర్థం కూడా కాదు. రెండోది ఇంకా కష్టమైనది. ఆ అడవుల్లో ఉండేవాళ్లను 'ఆటవికులు' అంటారు. కొన్ని చోట్ల వాళ్లు నాయకుడికి సాయపడతారు, కానీ చాలాచోట్ల బలులు ఇచ్చేవాళ్లు, ఈటెలు పట్టుకుని కేకలు వేసేవాళ్లు. చిత్రా బొమ్మల్లో ఈకలు, ఎముకల దండలు. మద్రాసులో అది వింత. ఇక్కడ, గోండుల పిల్లలు అదే బల్ల మీద కూర్చుని చదివేచోట అది వింత కాదు, పక్కింటివాడి తాత. మాంత్రికుడు కల్పితమని ప్రతి పిల్లకీ తెలుసు. 'ఆటవికుడు' కల్పితమని ఎవరు చెబుతారు?

మాస్టారు దీనికి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత జాబితా తీసుకుని 'తోకచుక్క' ఉండనిమ్మన్నారు. 'స్పైస్ అండ్ వుల్ఫ్' మొదటి భాగం తానే ముందు చదువుతానన్నారు, ఇంగ్లీషులోనే ఉందని గొణుక్కుంటూనే. 'రాకాసిలోయ'ను బీరువాలో పెట్టాం గానీ ఇంటికివ్వం. ఆదివారం నలుగురిలో కూర్చుని చదువుతాం, ఈకలూ ఎముకల బొమ్మ వచ్చినచోట ఆగుతాం. మొదటి ఆదివారం ఆగినప్పుడు కోటా వైపు నుంచి వచ్చే ఒక పిల్లవాడు ఆ బొమ్మను చాలాసేపు చూసి, "మా ఊళ్లో ఎవరూ ఇలా ఉండరు, మా బైగా ప్యాంటు వేసుకుంటాడు, బండి మీద వస్తాడు" అన్నాడు. పిల్లలందరూ నవ్వారు. ఆ బైగా ఏం చేస్తాడు, ఎంత తీసుకుంటాడు అని మాస్టారు వాణ్ణి అడగడం మొదలుపెట్టారు. ఆ రోజు మళ్లీ పుస్తకం తెరవలేదు.